వలస పేరిట మరుగునపడిన వృత్తి

అంతర్గత వలసను గురించి తెలుగులో జరిగిన ఆలోచన ప్రధానంగా రెండు పాయలుగా సాగింది. ఒకటి ప్రభుత్వ గణాంకాల పాయ, రెండవది సాహిత్య విమర్శ పాయ. మొదటిది వలస వెళ్లినవారిని లెక్కిస్తుంది. రెండవది వారి కోసం దుఃఖిస్తుంది. పద్ధతిలో ఎంత దూరమున్నా ఈ రెండింటికీ ఒక సమానధర్మం ఉంది. రెండూ వలసను స్థలమార్పుగానే గ్రహిస్తాయి. మనిషి ఏ ఊరు విడిచాడు, ఏ ఊరు చేరాడు, ఏ కారణం చేత విడిచాడు అన్నవే వాటి ప్రశ్నలు. విడిచిన ఊళ్లో అతడు ఏ పని చేసేవాడు, చేరినచోట ఏ పని చేస్తున్నాడు, ఆ పనిలో పనిముట్టు ఎవరిది, కూలి ఎవరి చేతికి వస్తుంది, అతనితోపాటు పనిచేసే భార్య పేరు ఏ పుస్తకంలోనైనా ఉందా అన్న ప్రశ్నలు ఈ రెండు పాయల్లోనూ అప్రధానాలుగానే మిగిలిపోయాయి.

శ్రామికుల అంతర్గత వలసకు కేంద్రం పని. పనికీ పనివానికీ మధ్య ఉన్న సంబంధంలో వచ్చిన మార్పును వదలిపెట్టి వలసను వర్ణించడమంటే దాని ఫలితాన్ని మాత్రమే వర్ణించడం. ఈ వ్యాసం ఆ అలవాటును ఖండిస్తుంది. ఇది పరిభాషకు సంబంధించిన తగవు మాత్రమే అయితే ఉపేక్షించవచ్చు. కాని చట్టం ఎవరికి వర్తిస్తుంది, సంక్షేమ మండలిలో ఎవరి పేరు చేరుతుంది, ప్రమాదంలో మరణించిన వ్యక్తి శ్రామికుడా కాదా అన్న నిర్ణయాలన్నీ ఈ వర్ణన మీదనే ఆధారపడి ఉన్నాయి.

1. పదం చెప్పేది, పదం దాచేది

తెలుగు నిఘంటువుల్లో ‘వలస’ శబ్దానికి ప్రధానార్థం భయం చేతనో కరవు చేతనో స్వస్థలాన్ని విడిచిపోవడం. శత్రుసైన్యానికి జడిసి ఊరు ఖాళీ చేయడం అనే అర్థఛాయ బ్రౌణ్య నిఘంటువులోనూ కనిపిస్తుంది. పోవడానికి హేతువు ఈ అర్థంలో ఉంది. పోయి చేసే పని లేదు. పారిపోయేవానికి వృత్తితో నిమిత్తం లేదు కనుక పదం దాన్ని చెప్పవలసిన అవసరమూ లేకపోయింది. ఆధునిక కాలంలో ఉపాధి కోసం జరిగే ప్రయాణాలన్నింటికీ ఇదే పదాన్ని విస్తరించినప్పుడు పాత అర్థంలోని నిస్సహాయత కొత్త అర్థంలోకి వెంటవచ్చింది.

అయితే ఈ పదానికి ఉన్న ప్రయోగం ఇదొక్కటే కాదు. ఉత్తరాంధ్రలో కొత్తవలస, ఆమదాలవలస వంటి ఊరిపేర్లలో ‘వలస’ నివాసవాచకం. విడిచిపోవడాన్ని చెప్పే మాటే అక్కడ నెలకొనడాన్ని చెబుతున్నది. పదచరిత్రలో ఉన్న ఈ రెండవ కొసను విమర్శ పట్టించుకోలేదు.

శ్రామికుల వ్యవహారం ఇంతకంటె స్పష్టమైనది. కర్నూలు పశ్చిమ మండలాల్లో, ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల్లో, పని కోసం ఊరు దాటడాన్ని ‘సుగ్గికి పోవడం’ అంటారు. సుగ్గి అనగా పంటకోతల కాలం. కన్నడంతో పంచుకున్న మాట. గుంటూరు మిరప చేలకు, పత్తి చేలకు కుటుంబాలతో తరలిపోయే ఆ జనం తమ ప్రయాణానికి పెట్టుకున్న పేరులో కరవు లేదు, గుంటూరూ లేదు. అందులో ఉన్నది పని, ఆ పని దొరికే కాలం. అలాగే ‘నాట్లకు పోయినారు’, ‘కోతలకు పోయినారు’, ‘మట్టిపనికి పోయినారు’, ‘బట్టీలకు పోయినారు’ అన్న వాడుకల్లో విభక్తి పనివాచకానికే చేరుతున్నది. పనికోసం ఎన్ని ఊళ్లు మారినా వారి దృష్టిలో గమ్యం పనే. ఈ వ్యవహారాన్ని ‘వలస వెళ్లారు’ అని ప్రామాణికభాషలోకి మార్చిన క్షణంలో పని పేరు జారిపోతుంది.

పదాల పంపిణీలో మరొక పక్షపాతం కూడ ఉంది. 1931లో పూర్తయిన నిజాంసాగరు ఆయకట్టుకూ, తరువాతి దశాబ్దాల్లో తుంగభద్ర ఆయకట్టులోని గంగావతి, సింధనూరు ప్రాంతాలకూ కృష్ణా గోదావరి మండలాల నుండి తరలిన రైతులను ‘సెటిలర్లు’ అన్నారు. వారు నెలకొన్న ఊళ్లు ‘క్యాంపులు’ అయినవి. విదేశాల్లో ఉద్యోగం చేసేవారు ‘ప్రవాసాంధ్రులు’. గుంటూరు నుండి హైదరాబాదుకు వచ్చి సాఫ్ట్‌వేరు సంస్థలో చేరినవానికి ప్రత్యేకమైన పేరే లేదు, అతడు ఉద్యోగి. ఒక్క కూలివాడు మాత్రమే ‘వలసకూలీ’. పెట్టుబడితో కదిలినవానికీ చదువుతో కదిలినవానికీ వారి వృత్తిని బట్టి గుర్తింపు లభించింది. రెక్కలతో కదిలినవానికి మాత్రం కదలికే గుర్తింపైంది. తాపీపని, కమ్మీపని, సెంట్రింగుపని తెలిసిన మనిషి పేరుకు ముందు ‘వలస’ చేరగానే అతని పనితనం వినబడకుండా పోవడం ఈ పంపిణీ ఫలితమే.

2. ‘అంతర్గతం’ అన్న గీత

స్థలాన్ని కేంద్రంగా చేసుకున్న ఆలోచనకు సరిహద్దులే ప్రమాణాలవుతాయి. ఆ సరిహద్దులు పని స్వభావంతో సంబంధం లేకుండా కదులుతుంటాయి. గోదావరి, విశాఖ, గంజాం తీరాల నుండి రంగూనుకు వెళ్లిన తెలుగువారి చరిత్ర దీనికి తొలి నిదర్శనం. కోరంగి రేవు పేరును బట్టి అక్కడివారు వీరిని కోరంగీలు అన్నారు. రంగూను రేవులోను, బియ్యపు మిల్లులలోను మేస్త్రీల కింద బరువులు మోసిన ఆ శ్రామికులు 1937 ఏప్రిల్ 1 వరకు సాంకేతికంగా దేశంలోపలే ఉన్నారు. బర్మాను భారతదేశం నుండి వేరుచేసిన ఆ రోజు నుండి విదేశంలో ఉన్నవారయ్యారు. వారి పని, మేస్త్రీ, అప్పు ఏవీ ఆ రోజు మారలేదు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య జరిగిన ఘర్షణ కూడ పని ఎవరిదన్న ప్రశ్న నుండి పుట్టినదే. సమ్మెకు దిగిన తెలుగువారి స్థానంలో బర్మావారిని పనికి పెట్టుకోవడం, సమ్మె ముగియగానే వారిని తొలగించడం దానికి దారితీశాయి.

స్వతంత్ర భారతదేశపు చట్టం ఈ గీతను మరింత గట్టిగా గీసింది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, రాష్ట్రం దాటి, గుత్తేదారు ద్వారా నియమితులై, ఒక సంస్థలో ఐదుగురు లేక అంతకుమించి ఉన్న కార్మికులకు వర్తించేది. నెలకూలిలో సగమో 75 రూపాయలో ఏది ఎక్కువైతే అంత మొత్తాన్ని స్థానభ్రంశ భత్యంగా ఇవ్వాలని ఆ చట్టం నిర్దేశించింది. మహబూబ్‌నగర్ జిల్లా నుండి ముంబయికి వెళ్లిన కూలి ఈ చట్టం దృష్టిలో వలస కార్మికుడు. అదే ఊరి నుండి, అదే మేస్త్రీ వెంట, అదే తవ్వకం పనికి విశాఖపట్నం వెళ్లిన కూలి కాడు. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోగానే రెండవవాడు కూడ అంతర్రాష్ట్ర వలసదారుడయ్యాడు. కర్నూలు నుండి హైదరాబాదుకు వచ్చే కూలి పరిస్థితీ అంతే. ఒక శ్రామికుని హక్కు అతడు చేసే పనివల్ల గాక పటం మీద గీసిన గీతవల్ల పుట్టడం న్యాయం కాదు.

2020లో వచ్చిన వృత్తిభద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల నియమావళి ఈ చట్టాన్ని తనలో కలుపుకొన్నది. గుత్తేదారు లేకుండా స్వయంగా వచ్చినవారిని కూడ నిర్వచనంలో చేర్చడం మేలే. కాని వర్తింపు హద్దును పదిమందికి పెంచింది, స్థానభ్రంశ భత్యాన్ని వదిలివేసింది, రాష్ట్రసరిహద్దును మాత్రం పదిలంగా ఉంచింది. నాలుగైదు కుటుంబాలుగా చిన్నచిన్న పనులకు తిరిగే గుంపులకు పాత హద్దుకంటె కొత్త హద్దు అందని దూరం.

3. లెక్కలో లేని పని

భారత జనగణన మొదట జన్మస్థలాన్ని, 1971 నుండి చివరి నివాసస్థలాన్ని, 1981 నుండి వలసకు కారణాన్ని అడుగుతున్నది. 2011 జనగణన ప్రకారం దేశంలో వలసదారుల సంఖ్య సుమారు 45 కోట్లు. వారిలో ఉపాధిని కారణంగా చెప్పినవారు పదింట ఒక వంతు మాత్రమే. వివాహాన్ని కారణంగా చెప్పినవారు దాదాపు సగం. ఈ సంఖ్యలను చూపి భారతదేశంలో వలస ప్రధానంగా ఆర్థికేతర విషయమని వాదించినవారు లేకపోలేదు.

దోషం ప్రశ్న నిర్మాణంలోనే ఉంది. ఒక మనిషికి ఒక్క కారణాన్నే నమోదు చేస్తారు. పెళ్లయి భర్తతోపాటు నగరానికి వచ్చి, మరుసటి నెల నుండే ఇసుక జల్లెడపట్టి, ఇటుకలు అందిస్తూ కూలి చేసే స్త్రీ ఎప్పటికీ ‘వివాహ కారణ’ వలసదారే. 2020-21 నాటి నియతకాలిక శ్రామికశక్తి సర్వేలోనూ వలస స్త్రీలలో 86.8 శాతం మందికి వివాహమే కారణంగా నమోదైంది. వివాహం ఆమె కదలికకు సందర్భం కావచ్చు. కదిలిన తరువాత ఆమె జీవితాన్ని నిర్ణయించేది పని. వలస సూత్రాలను 1885లో క్రోడీకరించిన రావెన్‌స్టీన్, స్వల్పదూర వలసల్లో స్త్రీలే అధికమని గుర్తించాడు. వారు ఇంటిపనికే గాక కర్మాగారాల పనికీ తరలుతున్నారని ఆనాడే చెప్పాడు. నూట నలభై ఏళ్ల తరువాత కూడ తెలుగునేల మీద స్త్రీ వలసను పెళ్లి ఖాతాలో రాసి ముగించడం వెనుకబాటే.

పని జరిగేచోట కూడ ఇదే జరుగుతున్నది. మహారాష్ట్ర చెరకు కోతల్లో దంపతులిద్దరూ కలిస్తే ఒక ‘కోయతా’. ఒడిశాలోని బొలంగీర్, నువాపడ, కలహండి జిల్లాల నుండి తెలంగాణ ఇటుకబట్టీలకు వచ్చే కుటుంబం కూడ ఒక్క పనిఘటకమే. వెయ్యి ఇటుకలకు ఇంత అని కట్టే లెక్కలో మట్టి కలిపే భర్త, అచ్చు పోసే భార్య, ఇటుక తిప్పే పిల్లలు వేరువేరుగా ఉండరు. బయానా తీసుకున్న పురుషుని పేరే పుస్తకంలో ఉంటుంది. జనగణనలో పెళ్లి కారణంగాను, బట్టీలో భర్త పద్దుకింద అంకెగాను మిగిలిన ఆమెకు రెండుచోట్లా వృత్తి లేదు.

కాలం విషయంలోనూ కొలమానం పనికి సరిపడదు. ఆరు నెలలు లేక అంతకుమించి ఎడతెగకుండా నివసించిన చోటునే సర్వేలు సాధారణ నివాసంగా గ్రహిస్తాయి. 2007-08 నాటి జాతీయ నమూనా సర్వే, నెల నుండి ఆరు నెలల లోపు పనికోసం ఊరికి దూరమైనవారిని స్వల్పకాలిక వలసదారులుగా నిర్వచించి, వారి సంఖ్యను సుమారు 1.36 కోట్లుగా అంచనా వేసింది. ప్రియా దేశింగ్కర్, షాహీన్ అక్తర్ 2009లో వృత్తులవారీగా, రంగాలవారీగా లెక్కగట్టి కదలిక శ్రామికులు దాదాపు 10 కోట్లని ప్రతిపాదించారు. ఈ రెండు అంకెల మధ్యనున్న అంతరానికి ప్రధాన హేతువు ప్రశ్న అడిగిన తీరే. నివాసం నుండి బయలుదేరిన లెక్క చిన్నదైంది. పని నుండి బయలుదేరిన లెక్క పెద్దదైంది. రెండవ అంచనాలో హెచ్చుతగ్గులు ఉండవచ్చుగాక, దాని ప్రస్థానబిందువు సరైనది. నవంబరు నుండి జూన్ దాకా బట్టీలో ఉండే కుటుంబం స్వల్పకాలిక నిర్వచనపు ఆరు నెలల హద్దు దాటిపోతుంది. అటు స్థిరనివాసమూ మార్చుకోదు. నివాసాన్ని బట్టి అడిగే ప్రశ్నకు ఆ కుటుంబం రెండువిధాలా చిక్కదు.

4. మూడు విధాల వృత్తిపరిణామం

వలసను పని వైపు నుండి పరిశీలిస్తే ఒకే పేరు కింద మరుగుపడిన భిన్నపరిణామాలు విడివిడిగా కనిపిస్తాయి. స్థూలంగా వీటిని మూడుగా గుర్తించవచ్చు.

వృత్తి మారకుండా వృత్తిసంబంధం మారడం మొదటిది. శ్రీకాకుళం తీరపు మత్స్యకారులు గుజరాతులోని వెరావల్ రేవుకు వెళ్లి మరపడవల మీద పనిచేస్తారు. ఊళ్లోనూ చేపలవేటే, అక్కడా చేపలవేటే. కాని సొంత తెప్ప మీదనో వంతుల పడవ మీదనో వేటాడి పట్టుబడిలో వాటా పొందిన మనిషి, వెరావల్‌లో యజమాని పడవ మీద జీతగాడు. ఎంతదూరం పోవాలో, ఎప్పుడు తిరిగిరావాలో నిర్ణయించే అధికారం అతనికి లేదు. 2018 నవంబరులో సముద్రసరిహద్దు దాటారన్న అభియోగంపై పాకిస్తాను వారికి చిక్కి, 2020 జనవరిలో విడుదలైన ఉత్తరాంధ్ర మత్స్యకారుల ఉదంతాన్ని అందరూ దేశభక్తి కథగానో విషాదకథగానో చెప్పుకున్నారు. అది వృత్తిసంబంధపు కథ కూడ. పడవ మరొకరిది, పట్టుబడి మరొకరిది, చెర మాత్రం జీతగాడిది.

తెలంగాణ పద్మశాలీలు షోలాపూరుకు, భివండికి తరలినప్పుడు జరిగినదీ ఇటువంటిదే. నేత నేతగానే ఉన్నది. మగ్గం ఇంటిలో ఉన్నప్పుడు భార్య కండెలు చుట్టడం, పిల్లలు అచ్చు అతకడం కుటుంబశ్రమలో భాగం. మరమగ్గాల కార్ఖానాలో నేతగాడు గంటలకూ మీటర్లకూ కూలి పొందే కార్మికుడు. కులనామాన్ని బట్టి చూస్తే వృత్తి నిలిచింది. శ్రమసంబంధాన్ని బట్టి చూస్తే వృత్తి మారిపోయింది.

వృత్తి మారినా శ్రమవిభజనలో కులస్థానం మారకపోవడం రెండవది. రాయి కొట్టడం, మట్టి తవ్వడం వడ్డెరల వృత్తి. చెరువులకు, బావులకు, రోడ్లకు, ఆనకట్టలకు వారి శ్రమే ఆధారం. వారి వృత్తి మొదటినుండీ సంచారవృత్తే కనుక వారికి ‘వలస’ కొత్త దురవస్థ కాదు. వారిని దెబ్బతీసింది తవ్వకపు యంత్రం. గునపం, పార పట్టిన గుంపులు చేసే పనిని అది ఒక్కపూటలో ముగిస్తుంది. పాలమూరు గుంపుల సంగతీ ఇంతే. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరు మొదలు ఎన్నో ప్రాజెక్టుల్లో మట్టి మోసిన పాలమూరు శ్రమ, యంత్రాలు వచ్చిన తరువాత నగరాల్లో కేబుళ్ల కాలువలు తవ్వడానికి, కాంక్రీటు మోయడానికి మళ్లింది. పనులు మారాయి. ఏ మెట్టు మీద ఉన్నారో మాత్రం మారలేదు. వారిని గుంపుగా కూర్చే మేస్త్రీ, ముందుగా తీసుకున్న అడ్వాన్సు, బంధుత్వం కలిసి పాత మెట్టునే కొత్తచోట నిలబెడతాయి.

ఒకే ఏడాదిలో ఒకే మనిషి రెండు మూడు వృత్తులు చేయడం మూడవది. వానకాలంలో రెండెకరాల మెట్టసేద్యం, చలికాలంలో మిరపకోత, వేసవిలో భవననిర్మాణం. జనగణన దృష్టిలో ఆరు నెలలు లేక అంతకుమించి పనిచేసినవాడు ప్రధాన శ్రామికుడు. అతడు సాగుదారు, వ్యవసాయకూలీ, గృహపరిశ్రమ, ఇతరులు అన్న నాలుగు ప్రధానవర్గాల్లో ఏదో ఒకదానిలో చేరాలి. ‘ఇతర కార్మికులు’ అన్న గంపలో సెంట్రింగు కూలీ, సాఫ్ట్‌వేరు ఇంజనీరు పక్కపక్కనే ఉంటారు. 2021 ఆగస్టు 26న ప్రారంభమైన ఈ-శ్రమ్ వేదిక ముఖ్యవృత్తితోపాటు రెండవ వృత్తిని కూడ అడిగింది. ఇది సరైన దిశలో వేసిన అడుగు. అయినా నమోదైన కోట్లాదిమందిలో సగానికి పైగా వ్యవసాయరంగం కింద చేరినప్పుడు, వారిలో ఎందరు ఏటా కొన్ని నెలలు నగరాల్లో పనిచేస్తున్నారన్నది ఆ పద్దు చెప్పదు.

ఇది హక్కుల సమస్యగా మారేది ఇక్కడే. 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం కింద సంక్షేమ మండలిలో పేరు నమోదు కావాలంటే గడచిన పన్నెండు నెలల్లో 90 రోజులు నిర్మాణపనిలో ఉన్నట్లు చూపవలసి ఉండేది. నాలుగు మేస్త్రీల కింద, మూడు పట్టణాల్లో, విడివిడిగా నూరు రోజులు పనిచేసిన మనిషికి ఆ ధ్రువపత్రం ఎవరివ్వాలి? ఊళ్లో అతడు రైతు, నగరంలో అతడు వలసకూలీ. అతని కాయితాల్లో నిర్మాణకార్మికుడు అనే మాట ఎక్కడా ఉండదు.

5. విమర్శ చేసిన పొరపాటు

సాహిత్యవిమర్శ ఈ పరిణామాన్ని గుర్తించవలసిన స్థానంలో ఉండి కూడ గుర్తించలేదు. ప్రపంచీకరణ అనంతర కాలంలో తెలుగు విమర్శకు పల్లెవిధ్వంసం ప్రధానవస్తువైంది. కుమ్మరి సారె ఆగింది, కమ్మరి కొలిమి ఆరింది, సాలెమగ్గం మూలపడింది అని ప్రతి వ్యాసమూ లెక్కిస్తుంది. ఆ తరువాత వలస వస్తుంది. అక్కడితో వ్యాసం ముగుస్తుంది. కొలిమి ఆరిన తరువాత ఆ కమ్మరి నగరశివారులో గేట్లు, గ్రిల్సు వెల్డింగు చేస్తున్నాడేమో, లేక లోహవిద్యను పూర్తిగా విడిచి కాపలాదారుగా కూర్చున్నాడేమో అన్న విచారణ లేదు. ఈ రెండు గతుల మధ్య అంతరం ఎంతో ఉంది. మొదటిదానిలో పనితనం కొత్త రూపం దాల్చింది. రెండవదానిలో అది నశించింది. ఈ రెంటినీ ఒకే విషాదంగా చదివే విమర్శ దేనినీ చదవనట్లే.

అంతకంటె తీవ్రమైన లోపం మరొకటి ఉంది. కులవృత్తి నశించడం అందరికీ ఒకేవిధమైన నష్టం కాదు. వెట్టి చేసినవానికి, చచ్చిన గొడ్డును మోసినవానికి, పాకీపనికి కట్టుబడినవానికి ఆ వృత్తిని విడిచిపోవడం విముక్తి కావచ్చు. 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో అంబేడ్కర్ గ్రామాన్ని ఆదర్శంగా నిలపడాన్ని నిష్కర్షగా తోసిపుచ్చాడు. ఆయన రచనలను ప్రామాణికంగా ఉటంకించే విమర్శకులే వలస ప్రస్తావన రాగానే పల్లె కోసం పరితపించడం విడ్డూరం. ఆ పల్లెలో ఎవరి వృత్తి పోయిందని ఈ దుఃఖమో ముందు తేల్చాలి.

దీనికి ఎదురుగా అర్థశాస్త్రజ్ఞుల ఆశావాదం ఉంది. వ్యవసాయంలో మిగులుగా ఉన్న శ్రమ ఆధునిక పరిశ్రమలోకి తరలి ఉత్పాదకత పెరుగుతుందన్న ఆర్థర్ లూయిస్ 1954 నాటి నమూనా ఇప్పటికీ విధానపత్రాలకు మూలకందం. తెలుగు జిల్లాల అనుభవం దీన్ని బలపరచడం లేదు. పొలం విడిచినవారిలో అధికభాగం చేరింది కర్మాగారంలో కాదు. నిర్మాణంలో, బట్టీల్లో, హమాలీపనిలో, ఇళ్లల్లో పాచిపనిలో. 2007-08 సర్వేలో స్వల్పకాలిక వలసదారులకు అతిపెద్ద ఆశ్రయంగా తేలింది కూడ నిర్మాణరంగమే. గుజరాతు శ్రామికులపై దశాబ్దాలు పరిశోధించిన యాన్ బ్రెమన్, ఇది ఒక రంగం నుండి మరొక రంగానికి జరిగే ప్రయాణం కాదనీ, ఎక్కడా కుదురుకోనివ్వని నిరంతర భ్రమణమనీ నిరూపించాడు. వలసను శోకంగా చూసే విమర్శకూ, ప్రగతిగా చూసే అర్థశాస్త్రానికీ వైరుధ్యం ఉన్నట్లు కనిపిస్తుంది గాని, పని ఏమిటో అడగకుండానే తీర్పు చెప్పడంలో రెండూ ఒక్కటే.

భాషాపరిశోధనకు కూడ ఈ విమర్శ వర్తిస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం, 1971లో వెలువడిన చేనేత వృత్తిపదకోశం తెలుగు పరిశోధనకు గర్వకారణాలు. ఊరూరా తిరిగి వృత్తికారుల నోటి నుండి పదాలను సేకరించిన ఆ పద్ధతి దేశంలోనే మార్గదర్శకమైంది. కాని తరువాతి తరాలు ఆ పద్ధతిని వృత్తికారుల వెంట తీసుకుపోలేదు. రైతు నిర్మాణకూలీ అయినాడు, నేతగాడు మరమగ్గం కార్మికుడైనాడు. పరిశోధకుడు మాత్రం ఖాళీ అయిన ఊళ్లోనే నిలిచి పాతపదాలు మాసిపోతున్నాయని చింతిస్తున్నాడు. అడ్డా, గుంపు, సెంట్రింగు, స్లాబు, బయానా వంటి పదాలు ఏ జిల్లాలో ఏ అర్థంలో నడుస్తున్నాయో నమోదు చేసిన కోశం కావాలి. పోర్చుగీసు మూలం గల ‘మేస్త్రీ’ శబ్దం ఒకచోట పనితనం తెలిసిన తాపీవానికీ, మరొకచోట కూలీలను సమకూర్చి వారి కూలిలో భాగం పొందేవానికీ వర్తిస్తున్నది. నైపుణ్యాన్నీ ఆధిపత్యాన్నీ ఒకే మాటలో ఇముడ్చుకున్న ఈ పదం చరిత్రను రాస్తే, తెలుగు శ్రామికుల ఒక శతాబ్దపు చరిత్రను రాసినట్లే.

6. రెండు ఆక్షేపణలు

స్థలం అప్రధానమా అన్నది మొదటి ఆక్షేపణ. రేషను, ఓటు, పిల్లల బడి, భాష అన్నీ స్థలంతో ముడిపడినవే కదా అనవచ్చు. నిజమే. కాని 2021 జూన్‌లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఊపందుకున్న ఒకే దేశం ఒకే రేషను కార్డు పథకం ఏమి తెలుపుతున్నది? స్థలంతో ముడిపడిన హక్కును పాలనానిర్ణయంతో విడదీయడం సాధ్యమే. కార్డు ఎక్కడైనా చెల్లినంత మాత్రాన బట్టీయజమాని బాకీ పెట్టిన కూలి చెల్లదు. పనితో ముడిపడిన హక్కులకు పని నమోదు తప్ప వేరే ఆధారం లేదు.

కదిలే జనం వృత్తిని నమోదు చేయడం ఆచరణలో అసాధ్యమన్నది రెండవ ఆక్షేపణ. 2007-08 సర్వే వలసకు ముందరి పనిస్థితిని కూడ అడిగింది. 2016-17 ఆర్థికసర్వే రైల్వే అనారక్షిత టికెట్ల లెక్కలతో ఏటా 90 లక్షల మేరకు అంతర్రాష్ట్ర ప్రయాణాలను అంచనా వేసింది. రైలుటికెట్టును బట్టి శ్రామికుని జాడ పట్టగలిగిన ప్రభుత్వానికి, అతని పనిపేరు అడిగి రాసుకోవడం అసాధ్యం కాజాలదు.

అడగకపోవడం వల్ల కలిగిన నష్టం 2020లో రుజువైంది. మే 1న లింగంపల్లి నుండి ఝార్ఖండ్‌లోని హతియాకు బయలుదేరిన తొలి శ్రామిక్ రైలులో సుమారు 1,200 మంది ఉన్నారు. సంగారెడ్డి జిల్లా కంది వద్ద నిర్మాణపనుల్లో ఉన్న శ్రామికులు వారు. ఆ సంవత్సరం సెప్టెంబరులో పార్లమెంటుకు ఇచ్చిన సమాధానంలో, ఇళ్లకు తిరిగివెళ్లిన వలసకార్మికులు కోటికి పైగా అని కార్మికశాఖ చెప్పగలిగింది. వారిలో మరణించినవారి లెక్క మాత్రం లేదన్నది. లెక్క లేనందున నష్టపరిహారపు ప్రశ్నే ఉదయించదన్న తర్కం ఆ సమాధానంలో ఉంది. తెలుగు రాష్ట్రాలు వలస పంపే ప్రాంతాలు మాత్రమే కావనీ, ఒడిశా, బీహారు, ఝార్ఖండ్ శ్రామికుల కష్టాన్ని అనుభవించే ప్రాంతాలు కూడననీ ఆ రైలు తెలియజేసింది. పాలమూరు కూలి కోసం కన్నీరు పెట్టిన సాహిత్యలోకం, తెలంగాణ బియ్యపుమిల్లుల్లో బస్తాలు మోసే బీహారు హమాలీని తన వస్తువుగా ఇంకా గుర్తించవలసి ఉంది.

7. ముగింపు

2027 మార్చి 1 ప్రామాణికతేదీగా జనగణన ప్రకటితమైంది. 2011 తరువాత జరిగే ఈ తొలి జనగణనలో కులం కూడ నమోదు కానున్నది. కులం, వృత్తి, వలస అన్న మూడు వివరాలను ఒకదానితో ఒకటి జోడించి చూసే అవకాశం స్వతంత్ర భారతదేశంలో ఈ విధంగా లభించడం ఇదే మొదటిసారి. ఆ మూడింటినీ విడివిడి పట్టికలుగా ప్రకటించి ఊరుకుంటే ఆ అవకాశం వ్యర్థమవుతుంది. ఏ కులపు శ్రామికుడు ఏ వృత్తి విడిచి ఏ వృత్తిలోకి ఏ దూరం ప్రయాణించి చేరాడన్నది ఒకే పట్టికలో కనిపించాలి. స్త్రీ కదలికకు కారణం వివాహమే అయినా, కదిలిన తరువాత ఆమె చేసే పని అదే వరుసలో రావాలి.

చట్టంలో రాష్ట్రసరిహద్దు స్థానంలో పని స్వభావం ప్రమాణం కావాలి. ఇల్లు విడిచి పనిచోటనే నివసిస్తూ, బయానాకు కట్టుబడి, కుటుంబఘటకంగా పనిచేసే ప్రతి శ్రామికునికీ, అతడు పక్క జిల్లావాడైనా పక్క రాష్ట్రంవాడైనా, ఒకే రక్షణ వర్తించాలి. కూలిపుస్తకంలో భార్య పేరు వేరుగా ఉండాలి. ఒక్కొక్క మేస్త్రీ కింద చేసిన రోజులను కలిపి చూపే పత్రం శ్రామికుని చేతిలోనే ఉండాలి.

తెలుగుశాఖల బాధ్యత ఇంతకంటె తక్కువదేమీ కాదు. ‘వలససాహిత్యం’ అన్న శీర్షిక కింద జరిగే పరిశోధనలు ఊరు విడిచే ఘట్టం దగ్గర ఆగిపోకుండా పనిచోటు దాకా సాగాలి. వృత్తిపదకోశాల పరంపర బట్టీలకు, అడ్డాలకు, మరమగ్గాల కార్ఖానాలకు, వెరావల్ పడవలకు విస్తరించాలి. సుగ్గికి పోయే మనిషి తన ప్రయాణానికి పనిపేరు పెట్టుకున్నాడు. పరిశోధకుడు చేయవలసిన మొదటి పని ఆ పేరును ఉన్నదున్నట్లుగా రాసుకోవడం.